రాకెట్ ఆకారంలో చిల్లు

కృష్ణపట్నం,
8 జూన్ 2025, ఆదివారం.

మగ్దలీన వదిన గారికి,

మీ మరదలు డెబోరా వందనాలు. ఇక్కడ అందరం బాగున్నాం.

చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని మీరు నవ్వుతారు. ఇది మీ తమ్ముడి ఆర్డరు. మొన్న కెజియా చదువు గురించని ఫోన్ చేసి మనం నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం. అందులో చదువు గురించి ఐదు నిమిషాలు, మిగతాదంతా నా పెళ్ళిలో మీవాళ్ళకు చాలని పులిహోర గురించి. "మీరిద్దరూ ఇంక ఫోన్లో మాట్లాడుకోబాకండి. కాగితం మీద రాసుకోండి, అరుపులు వినపడవు" అన్నాడు రాజ్ కుమార్. పైగా పిల్ల తలుపు వెనక నిలబడి ప్రతి మాటా వింటోంది.

సంగతికి వస్తాను. మార్చిలో కోత పండుగ నాడు చర్చిలో కెజియా వాక్యం చదువుతూ మూడుచోట్ల ఆగిపోయింది. వెనక బెంచీ పిల్లలు నవ్వారు. మీరూ అక్కడే ఉన్నారు. ఆ రోజు నుంచి దాని చేత ఒక్క లైను పైకి చదివించలేకపోతున్నాను. పుస్తకం ముందు పెడితే పెదవులు బిగించేస్తుంది. క్లాసు టీచరు పిలిపించి, ఇలాగే ఉంటే పిల్ల వెనకబడిపోతుందని చెప్పింది. తొమ్మిదేళ్ళ పిల్ల వదినా. నాకు భయంగా ఉంది.

నేను పోర్టు దగ్గర లారీల కాటాలో కంప్యూటర్ ముందు కూర్చుంటానని మీకు తెలుసు కదా. నాతో పనిచేసే చెంచమ్మ ఒక సలహా ఇచ్చింది. ఇంగ్లీషులో డ్రాగన్ల కథ, ఎనిమిది పుస్తకాల సెట్టు. మా క్వార్టర్స్ పిల్లలందరూ అవే చదువుతున్నారు. మాయలూ మంత్రాలూ ఉంటే కథ కోసమైనా పేజీ తిప్పుతుందని ఆశపడి కొనేశాను. మీ తమ్ముడు మాత్రం లైబ్రేరియన్ అక్కను అడగకుండా మొదలుపెట్టొద్దంటున్నాడు. అందుకని అడుగుతున్నాను. సరే అని ఒక్క మాట రాయండి, చాలు.

మీ మరదలు,
డెబోరా


చిట్టమూరు,
16 జూన్ 2025.

డెబోరాకు,

ఒక్క మాట రాయమన్నావు. ఒక్క మాటతో ఆగేదాన్నైతే మీ ఆయన మనకు ఫోన్ ఎందుకు బందు చేస్తాడు?

సరే అని రాయను. పిల్ల చదువుతూ ఆగిపోయింది తెలుగులో. దానికి మందు ఇంగ్లీషు డ్రాగన్లలో ఉందని నీకెవరు చెప్పారు? దెబ్బ కాలికి తగిలితే కట్టు చేతికి కడతారా? ముందు తెలుగు కథ చదవనీ. నోరు తిరిగాక డ్రాగన్లేమిటి, ఏనుగులేమిటి, ఏవైనా చదువుతుంది.

నీకు ఆస్తి పంపుతున్నాను, జాగ్రత్త. "ఉప్పుకోట దీపధారి" అని నాకు పదిహేడేళ్ళు వచ్చేదాకా ఒక వారపత్రికలో రెండేళ్ళు సీరియల్ వచ్చింది. నీలాంబరి అనే అమ్మాయి ఆరిపోయిన ఏడు దీపాలు వెలిగించడానికి సముద్రం మధ్యనున్న కోటకు పోతుంది. మా నాయన జడ్సన్ మాస్టారు వారం వారం ఆ కాగితాలు తీసిపెట్టి, నాలుగు సంపుటాలుగా ఎర్ర కాలికో గుడ్డతో బైండు చేయించాడు. చేయించిన రోజే ట్రంకు పెట్టెలో పెట్టి ఎవరూ ముట్టకూడదన్నాడు. ఆ రోజుల్లో బైండు చేయించేది చదవడానికి కాదు, దాచడానికి. నాయన పోయాక కూడా నేను ఆ మాట దాటలేదు. ఇప్పుడు దాటుతున్నాను. నాలుగూ తుడిచి, తెరిచైనా చూడకుండా పార్శిల్ కట్టాను. తెరిస్తే నాకు ఏడుపొస్తుందని భయం.

డ్రాగన్లను బీరువా మీద పెట్టు. దుమ్ము పట్టనీ.

మీ వదిన,
మగ్దలీనమ్మ


కృష్ణపట్నం,
29 జూన్ 2025.

వదిన గారికి,

పార్శిల్ అందింది. మీ మాట మీద గౌరవంతో డ్రాగన్లను నిజంగానే బీరువా మీద పెట్టాను. పెట్టి, మీ మొదటి సంపుటం తెరిచాను. నలభై ఒకటో పేజీలో నా అరచేయంత చిల్లు ఉంది. పేజీ మధ్యలో, కత్తెరతో కోసినట్టు.

పిల్లకు అసలే పుస్తకమంటే బెదురు. దానికి మొదటి పుస్తకంగా చిరిగినది పంపాలని మీకెలా అనిపించింది? మీ లైబ్రరీలో కొత్తవి ఎవరికిస్తారు? నేను తెలుగు మీడియంలో చదివి, ఇంటర్వ్యూలో ఇంగ్లీషులో నా పేరు తప్ప ఏమీ చెప్పలేక, ఏసీ ఆఫీసులో చేయాల్సినదాన్ని దుమ్ములో లారీలు తూకం వేస్తున్నాను. నా కూతురికి ఆ గతి పట్టకూడదనే ఆ సెట్టు కొన్నాను. అది మీకు తమాషాగా ఉంది.

డ్రాగన్ల మొదటి పుస్తకం ఈ పార్శిల్లో పంపుతున్నాను. ముందు మీరు చదవండి. చదివాక బీరువా మీద పెట్టాలో కింద పెట్టాలో చెప్పండి.

డెబోరా


చిట్టమూరు,
7 జూలై 2025.

డెబోరాకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చిల్లా? మా నాయన పుస్తకంలోనా? ముప్ఫై మూడేళ్ళు తాళం వేసిన ట్రంకులో ఉన్న పుస్తకం అది. చెద కూడా పట్టలేదు. నా చేతుల్లోంచి నిక్షేపంగా వచ్చింది. కత్తెరతో కోసినట్టుందంటున్నావు. మా ట్రంకులో కత్తెర లేదు. కత్తెర ఉన్నదీ, చదవడం ఇష్టంలేని పిల్ల ఉన్నదీ మీ ఇంట్లో.

దాన్ని కొట్టబాక. చేసినావా అని నెమ్మదిగా అడుగు. పుస్తకం మీద కోపం కత్తెరతో తీర్చుకునే దాకా వచ్చిందంటే తప్పు పిల్లది కాదు. పెద్దవాళ్ళం మనది.

నీ డ్రాగన్లు అందాయి. ఇంకా ముట్టుకోలేదు.

మగ్దలీనమ్మ


కృష్ణపట్నం,
20 జూలై 2025.

వదిన గారికి,

మొదట మీ తమ్ముడు మీకు చెప్పమన్న మాట: "అక్కా, నేనే."

మీ ఉత్తరం చూసి నాకు ఒళ్ళు మండింది. తెరిచి చూడకుండా పార్శిల్ కట్టానని మీరే రాశారు, మళ్ళీ నిక్షేపంగా వచ్చిందనీ మీరే రాశారు. అయినా పిల్లను అడిగాను. అది బావురుమంది. "నేను ఆ పుస్తకం తెరవనే లేదు, ఎట్టా కోస్తాను?" అని ఏడుస్తూనే, తన మీద పడిన నింద ఎట్టాంటిదో చూద్దామని పుస్తకం లాక్కుని తెరిచింది. చిల్లులో వేలు పెట్టి అంచు చుట్టూ తిప్పింది. "అమ్మా, ఇది రాకెట్" అంది.

నిజమే వదినా. పైన ముక్కు, కింద రెండు రెక్కలు. అప్పటిదాకా మంచం మీద కూర్చుని సాక్సు విప్పుకుంటున్న రాజ్ కుమార్ ఒక సాక్సుతోనే లేచి వచ్చాడు. తనకు ఏడేళ్ళప్పుడట, బైండు చేయించి తెచ్చిన సాయంత్రమే, మీ నాయన చర్చికి పోయిన సందులో కోశాడట. ఆ పేజీ వెనక వైపు పిల్లల శీర్షికలో రంగుల రాకెట్ బొమ్మ వచ్చిందట. శ్రీహరికోట నుంచి రాకెట్ పోయినప్పుడల్లా మిద్దె ఎక్కి చూసే పిల్లవాడు కదా. పలకకు అతికించుకుని, ఎవరన్నా చూస్తారని భయమేసి బావిలో పడేశాడట. ముప్ఫై మూడేళ్ళుగా ఆ ట్రంకు వైపు చూడలేదన్నాడు. ఇన్నేళ్ళ మొగుడి దొంగతనం ఇప్పుడు బయటపడింది. నేను నవ్వాలో తిట్టాలో తెలీక రెండూ చేశాను.

అసలు సంగతి ఇది కాదు. నీలాంబరి కోట తలుపు దగ్గరికి పోతుంది. ఒంటికన్ను ద్వారపాలకుడు అడుగుతాడు: "నిన్ను లోపలికి ఎందుకు రానివ్వాలి? నీ దగ్గర ఏముంది?" అక్కడ చిల్లు. మర్నాడు పొద్దున కెజియా పళ్ళు తోముకుంటూ వచ్చి, "ఆ అమ్మాయి ఏం చెప్పింటుంది?" అని అడిగింది. నాలుగు నెలల తర్వాత అది ఒక పుస్తకం గురించి నన్ను అడిగిన మొదటి మాట ఇది. నేను వంటింట్లోకి పోయి కాసేపు ఏడ్చాను.

మీరు చదివారు కదా. నీలాంబరి ఏం చెప్పిందో వెంటనే రాయండి. పిల్ల ఎదురుచూస్తోంది. చిరిగిన పుస్తకం పంపారన్నందుకు క్షమించండి.

మీ డెబోరా


చిట్టమూరు,
3 ఆగస్టు 2025.

డెబోరాకు, నా మేనకోడలికి,

క్షమించమని నువ్వు అడగనక్కర్లేదు. నేనే ఆ పసిదాని మీద నింద వేశాను. ఆ దొంగను నా దగ్గరికి పంపు, చెవి మెలేయాలి. నలభై ఏళ్ళ చెవి మెలేయడానికి మెత్తగానే ఉంటుంది.

కెజియాకు జవాబు. నాకు బాగా గుర్తుంది. ఎన్ని వారాలు తలుచుకున్నానో. నీలాంబరి తల ఎత్తి ఇలా అంటుంది: "నా దగ్గర ధైర్యం ఉంది." అంతే. ఆ మాటకే తలుపు తెరుచుకుంటుంది.

ఇక నీ డ్రాగన్లు. మొదలుపెట్టాను. ఒళ్ళో డిక్షనరీ పెట్టుకుని రోజుకు మూడు పేజీలు. నిన్న ఒక పెద్ద మాటను గట్టిగా పలికి చూసుకుంటుంటే, పేపరు చదువుకోవడానికి వచ్చిన ఇంటర్ పిల్లలు ముసిముసిగా నవ్వారు. పుస్తకం మూసేసి, అందరూ పోయేదాకా తెరవలేదు. తర్వాత కెజియా గుర్తొచ్చింది. యాభై ఏళ్ళదాన్ని, నాకే చెవులు వేడెక్కాయి. ఆ రోజు చర్చిలో నేను ముందు బెంచీలో కూర్చుని "ఇంకా ప్రాక్టీసు చేయించాల్సింది" అనుకున్నాను కానీ, లేచిపోయి దాని పక్కన నిలబడాలని నాకు తోచలేదు. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

మీ వదిన


కృష్ణపట్నం,
28 సెప్టెంబర్ 2025.

వదిన గారికి,

ఆలస్యానికి కారణం మీ మేనకోడలే. మీ జవాబు సరైందో కాదో తేల్చేదాకా ఉత్తరం పోస్టు చేయొద్దంది.

మీరు రాసింది తప్పట. నా మాట కాదు, దాని మాట. మీ జవాబు చదివి, మొదటి సంపుటంలో మిగిలినదంతా ముగించింది. తర్వాత రెండో సంపుటం తీసింది. మెల్లగా, వేలు పెట్టుకుని, నెల పట్టింది. మూడోదానికి పన్నెండు రోజులు. నాలుగోది నాలుగు రోజుల్లో అయిపోయింది. చిల్లులో ఏముందో తర్వాత ఎక్కడన్నా ఎవరన్నా చెబుతారేమోనని వెతుక్కుంటూ పోయింది. ఎవరూ చెప్పలేదు కానీ, రెండో సంపుటం నూట పన్నెండో పేజీలో ద్వారపాలకుడు ఇలా అంటాడట: "ధైర్యం ఉందన్నవాళ్ళు నా దగ్గరికి వందమంది వచ్చారు. అందరినీ వెనక్కి పంపాను."

"అత్త చెప్పింది నిజమైతే నూటొకటో మనిషిని కూడా వెనక్కి పంపాల్సిందే కదమ్మా" అంది. ఆ పేజీ నాకు వినిపించింది. వదినా, పైకి చదివి వినిపించింది. రెండుచోట్ల ఆగింది. ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. నేను గరిటె పట్టుకుని అట్టాగే నిలబడిపోయాను. పప్పు మాడిపోయింది. ఆ మాడిన పప్పే అందరం తిన్నాం.

దాని ప్రశ్న ఇది: "అత్తకు నిజంగా గుర్తుందా, లేకపోతే ఊరికే చెప్పిందా?" నిజం రాయండి. ఇది ఊరుకునేలా లేదు.

డెబోరా


చిట్టమూరు,
5 అక్టోబర్ 2025.

కెజియాకు,

ఈ ఉత్తరం మీ అమ్మకు కాదు, నీకే. పైకి చదివి మీ అమ్మకు వినిపించు.

నాకు గుర్తులేదమ్మా. ఊరికే చెప్పాను. ఇంత పెద్ద లైబ్రరీలో కూర్చుని తెలియదని చెప్పడానికి మొహం చెల్లలేదు. ముప్ఫై మూడేళ్ళుగా నాకు ఆ కథంతా కంఠతా వచ్చని ఊళ్ళో చెప్పుకుంటున్నాను. నువ్వు ఒక్క పేజీతో పట్టేసుకున్నావు. ఓడిపోయాను. ఇంత సంతోషంగా నేను ఎప్పుడూ ఓడిపోలేదు.

అసలు పత్రిక ఇప్పుడు ఎక్కడా దొరకదు. నువ్వు నాలుగు సంపుటాలూ చదివావు. నీలాంబరి నీకు నాకంటే బాగా తెలుసు. ఆ చిల్లులో పట్టేంత జవాబు నువ్వే రాయి. నవంబర్లో గ్రంథాలయ వారోత్సవాలు. పదహారో తేదీ ఆదివారం సాయంత్రం మా లైబ్రరీలో పిల్లల సభ. ఇష్టమైతే అక్కడ చదువు. ఇష్టం లేకపోతే నాకు ఒక్కదానికే చదివి వినిపించు. ఈసారి ఎక్కడ కూర్చుంటానని అడగబాక. కూర్చోను. నీ పక్కన నిలబడతాను.

మీ అత్త


చిట్టమూరు,
17 నవంబర్ 2025.

డెబోరాకు,

కాటాలో డ్యూటీ పడి నువ్వు రాలేకపోయావు. మీ ఆయన ఫోన్లో చెబుతానన్నాడు. వద్దన్నాను. అతనికి చెప్పడం రాదు, "బాగా చదివింది" అని రెండు మాటల్లో ముగిస్తాడు. పైగా అతను సగం చూడలేదు, చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

లైబ్రరీ నిండిపోయింది. అరుగు మీద కూడా జనం. కెజియా పుస్తకమూ, తను రాసిన కాగితమూ పట్టుకుని లేచింది. నేను పక్కన నిలబడ్డాను. నలభై ఒకటో పేజీ మొదలుపెట్టింది. "ద్వారపాలకుడు" అనే మాట దగ్గర నాలుక తడబడింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. కెజియా తల ఎత్తి, "ఉండండి, అసలు సంగతి ఇప్పుడే వస్తుండాది" అని ఆ వాక్యం మళ్ళీ మొదట్నుంచి చదివింది. ఇంక ఎవరూ నవ్వలేదు. తర్వాత తను రాసింది చదివింది. నీకు చూపించలేదట కదా, ఇక్కడ దించుతున్నాను.

"నా దగ్గర ఏమీ లేదు. దారి సరిగా చదవడం రాక మూడు తలుపులు తప్పుగా తట్టాను. మూడుచోట్లా నవ్వారు. ఇది నాలుగోది. నువ్వు కూడా నవ్వాలనుంటే నవ్వు. నేను మాత్రం తలుపు దగ్గర్నుంచి కదలను."

తర్వాతి పేజీలో ఏముందో నీకు తెలుసు. "ఆ మాట విని ద్వారపాలకుడు తన ఒంటికన్ను తుడుచుకుని, తాళంచెవి తీశాడు." అది చదివేసరికి తుడుచుకోని కన్ను లేదు డెబోరా.

ఇక్కడితో అయిపోలేదు. ఎరువుల కొట్టు పెంచలప్రసాద్ గారు లేచారు. సభ సంగతి విని ఆయన తన అటక మీద పాత పత్రికల కట్టలు దించారట. మా నాయన లాగా బైండు చేయించే ఓపిక లేక కట్టి పడేశారట. సరిగ్గా ఆ వారం పత్రిక తెచ్చారు, చెక్కుచెదరకుండా. పిల్ల రాసినదాన్ని అసలు కథ కొట్టేస్తే? నేను చేయి చాచి అందుకోబోయాను. కెజియా ముందే లాక్కుంది. ముందుగా చూసుకోలేదు, ప్రాక్టీసు లేదు, అక్కడే నిలబడి పైకి చదివేసింది. నేను లెక్కపెట్టాను. ఒక్కచోట కూడా ఆగలేదు.

అసలు జవాబు విను. "నేను ఉప్పుకోట మహారాజు మనవరాలిని. ఇదిగో నా రాజముద్రిక, చూడు." ముసలాడు కన్ను తుడుచుకున్నది ఉంగరం కనపడక!

కెజియా పత్రిక మడిచి పెంచలప్రసాద్ గారి చేతికిచ్చి, "ఉంగరం చూపిస్తే ఎవరైనా తీస్తారు తలుపు. నాదే బాగుంది" అంది. చప్పట్లు రోడ్డు దాకా వినపడ్డాయి. పెంచలప్రసాద్ గారు అందరికంటే గట్టిగా కొట్టారు. దాని కాగితాన్ని రాకెట్ ఆకారంలో కత్తిరించి, నేనే నలభై ఒకటో పేజీలో అతికించాను. కత్తెర మీ ఆయన చేత పట్టించాను, ఈసారి నా అనుమతితో.

చివర్లో తల్లులు నన్ను చుట్టుముట్టారు. పిల్లలకు ముందు ఏ పుస్తకాలు ఇవ్వాలి మేడం, తెలుగువా, ఇంగ్లీషువా, పాతవా, కొత్తవా అని. నువ్వూ నేనూ ఐదు నెలలు కొట్టుకున్న ప్రశ్నే. నేను గొంతు సవరించుకునేలోపు కెజియా చెప్పేసింది: "చిల్లు ఉన్నది ముందు ఇవ్వండి."

డ్రాగన్ల మొదటి పుస్తకం మీ ఆయనతో పంపుతున్నాను. పూర్తి చేశాను. బాగుంది. బీరువా మీద నుంచి దించు. రెండోది నాకు ముందు పంపు.

ఓడిపోయిన వదిన,
మగ్దలీన


కృష్ణపట్నం,
24 నవంబర్ 2025.

మగ్దలీన వదినకు,

మీ ఉత్తరం కాటా దగ్గర చదివాను. కళ్ళు కనపడక ఒక లారీ బరువు రెండుసార్లు తూచాను. డ్రైవరు ఏమైందని అడిగితే, మా అమ్మాయి గెలిచిందని చెప్పాను. దేంట్లో అని అడగలేదు, "మంచిదమ్మా" అని హారన్ కొట్టి పోయాడు.

కెజియా ఇప్పుడు రోజూ సాయంత్రం డ్రాగన్లు పైకి చదువుతోంది. నేను పక్కన కూర్చుని వింటున్నాను. రానిచోట ఇద్దరం ఆగుతున్నాం, మళ్ళీ మొదలుపెడుతున్నాం. ఇంగ్లీషు నాకు కూడా కొద్దికొద్దిగా లొంగుతోంది.

ఒక ఫిర్యాదు. మా కింద క్వార్టర్లో ఒక చిన్నపిల్ల ఉంది, ఎనిమిదేళ్ళది. వాళ్ళమ్మ ఎన్ని పుస్తకాలు తెచ్చినా తెరవదట. నిన్న కెజియా ఆ పిల్లకు డ్రాగన్ల మొదటి పుస్తకం ఇచ్చి వచ్చింది. ఇచ్చే ముందు అరవయ్యో పేజీకి కత్తెర వేసింది. నేను అరిచేలోపే అయిపోయింది. "నాన్న కోసిందీ, అత్త నాకు పంపిందీ ఇట్టాంటిదే కదమ్మా" అంది.

పొద్దున ఆ పిల్ల మా తలుపు కొట్టింది. చేతిలో పుస్తకం, చిల్లులో వేలు. "ఇక్కడ ఏముండింది?" అని అడిగింది.

కోసిన ముక్క ఈ ఉత్తరంలో పెడుతున్నాను. ఈసారి ఆకారం డ్రాగన్. మీ నాయన ట్రంకులో పెట్టి తాళం వేయండి. ఎవరడిగినా ఇవ్వబాకండి.

మీ డెబోరా